క్యూ లైన్లో రండి బాబూ!

“ఎంతిస్తారు?” అని అడిగాడు నాన్న, తెనాలి నుంచి.

“ఏమీ ఇవ్వరు నాన్నా.”

ఓ క్షణం ఆలోచించాడు. “అయితే మనమెంత కట్టాలి?”

ఆయన్ని తప్పుపట్టడానికి లేదు. నన్ను అమెరికా పంపేటప్పుడు కన్సల్టెన్సీకి కట్టాడు, యూనివర్సిటీలకు కట్టాడు, విదేశీ విద్యార్థుల వివరాలుంచే సెవిస్‌కు కట్టాడు, బ్యాంకులో ఇంత డబ్బుందని నెలరోజులపాటు చూపించినందుకు ఊళ్ళో ఒకాయనకు వడ్డీ కట్టాడు. చిలుకూరు బాలాజీ చుట్టూ నాచేత ముందు 11, వీసా వచ్చాక 108 ప్రదక్షిణలు చేయించాడు. కట్టకుండా, తిరక్కుండా అమెరికాలో ఏ పనైనా అవుతుందంటే ఆయన నమ్మడు.

సంగతేమిటంటే, 2025 వేసవిలో డాలస్‌లో నాకు పదివారాల ఇంటర్న్‌షిప్ దొరికింది. వలసవచ్చినవాళ్ళ హక్కుల కోసం పనిచేసే ఓ చిన్న సంస్థ. నేను చదివేది పబ్లిక్ పాలసీ. చుట్టాల్లో ఈ విషయం తెలిసినవాళ్ళు “పాపం, డేటా సైన్సులో సీటు రాలేదా?” అని పరామర్శించారు కూడా.

జీతం లేకపోయినా సరే, ఎఫ్-1 వీసా మీద ఉన్నదాన్ని కాబట్టి చదువులో భాగంగా పనిచెయ్యడానికిచ్చే సీపీటీ అనుమతి తీసుకోవడమే క్షేమమని కాలేజీలో చెప్పారు. అంటే, కాగితాల్లేనివాళ్ళ తరఫున ఊరికే చాకిరీ చెయ్యడానికి నాకో కాగితం కావాలన్నమాట. తెచ్చుకున్నాను. ఆ ఏప్రిల్లోనే దేశమంతటా వేలమంది విదేశీ విద్యార్థుల సెవిస్ రికార్డుల్ని చెప్పాపెట్టకుండా రద్దుచేశారు. కొందరు చేసిన మహాపరాధం ఎప్పుడో ఫైను కట్టేసిన ట్రాఫిక్ టికెట్టు. కోర్టులు మొట్టికాయలు వేశాక మళ్ళీ తెరిచారనుకోండి. ఆ నెలంతా మా రూమ్మేట్ల కారు ఎడ్లబండి వేగం దాటలేదు.

మకాం ఫ్రిస్కోలో బాబాయ్ వాళ్ళింట్లో. నాన్నకు పినతండ్రి కొడుకు. మంచివాడు. ఊరినుంచి ఎవరొచ్చినా ఎయిర్‌పోర్టుకు తనే వెళ్ళి తెచ్చుకుంటాడు, శనివారాలు గుళ్ళో ప్రసాదం వడ్డిస్తాడు. 2013లో హెచ్-1బీ మీద వచ్చి, 2016 ప్రయారిటీ డేటుతో, అంటే క్యూలో చేరిన తేదీతో, గ్రీన్‌కార్డు కోసం కూచున్నాడు. ఆ వేసవికి ఇండియావాళ్ళ ఈబీ-2 క్యూ 2013 జనవరి దగ్గర మొరాయించి ఉంది. నెలనెలా వచ్చే వీసా బులెటిన్‌ని బాబాయ్ ఉగాది పంచాంగంలా చదువుతాడు. ఆదాయం రెండు, వ్యయం పద్నాలుగు, కదలిక సున్న.

మొదటిరోజు పెసరట్టు వడ్డిస్తూనే తన సిద్ధాంతం కూడా వడ్డించాడు. “రావద్దనడం లేదమ్మా. ఎవరైనా రావచ్చు. కాని లైన్లో రావాలి. మేం రాలేదూ?”

బాబాయ్ లైన్లో ఎలా వచ్చాడో మా వైపు చిన్నపిల్లల్నడిగినా చెబుతారు. ఆ ఏడాది హెచ్-1బీకి లాటరీ తీశారు. ఒక్క చీటీ వేస్తే తగలదేమోనని మూడు కన్సల్టెన్సీల చేత మూడు చీటీలు వేయించుకున్నాడు. అమీర్‌పేటలో మూణ్ణెల్లు నేర్చుకున్న జావా, రెజ్యూమె ఎక్కేసరికి ఏడేళ్ళ అనుభవమైంది. స్కైప్ ఇంటర్వ్యూలో పెదవులు బాబాయ్‌వి, గొంతు పక్కగదిలో స్నేహితుడిది. ఇవేవీ చెయ్యకుండా వచ్చినవాళ్ళు బోలెడుమంది ఉన్నారు, వాళ్ళకో నమస్కారం. చిత్రమేమిటంటే, లైను గురించి ఉపన్యాసమిచ్చే డ్యూటీ ఎప్పుడూ వాళ్ళకి పడదు. లాటరీ తగిలినవాడే కష్టార్జితం మీద ప్రవచనం చెబుతాడు.

అసలు క్యూ గురించి తెలుగువాడి నోట వినడమే ఒక భాగ్యం. అంతకుముందేడాది ఇండియా వెళ్ళినప్పుడు ఇదే బాబాయ్ తిరుమలలో ఎమ్మెల్యే లెటర్ మీద బ్రేక్ దర్శనం చేసుకున్నాడు. వైకుంఠం క్యూ కాంప్లెక్సులో చంటిపిల్లల్ని వేసుకుని కంపార్టుమెంట్ల వెంట కంపార్టుమెంట్లు కూచున్న జనాన్ని కారు అద్దంలోంచి చూసి “అబ్బ, ఏం రష్ అమ్మా” అన్నాడు. లెటర్ దొరక్కపోతే శ్రీవాణి ట్రస్టుకు 10,000 రూపాయలిస్తే సరి, దారి తెరుచుకుంటుంది. ఈ పద్ధతి అమెరికావాళ్ళకీ తెలుసు. దాన్ని వాళ్ళు ఈబీ-5 అంటారు. కనీసం 8,00,000 డాలర్లు పెట్టుబడి పెట్టినవాణ్ణి రియో గ్రాండే నది ఈదమని ఎవరూ అడగరు.

“మరి కాగితాల్లేనివాళ్ళ లైను ఎక్కడుంది బాబాయ్?” అన్నాను ఓరోజు.

“ఎక్కడో ఉంటుంది. కాన్సులేటులో.”

వెతికి చూపించాను. డిగ్రీ, నైపుణ్యం లేని కూలిపనులకు అమెరికా చట్టం ఇచ్చే శాశ్వత వీసాలు ఏడాదికి 10,000కి మించవు, అవీ ప్రపంచం మొత్తానికి. అదీ ఎవరో ఒక యజమాని ముందే ఎంచుకుని, నెలల తరబడి కాగితాలు నడిపితేనే. ఒక్క డాలస్ చుట్టుపక్కల ఇళ్ళ పైకప్పులు వేస్తున్నవాళ్ళకైనా అవి సరిపోతాయో లేదో. ఇక మన లైను సంగతి. 2023లో కేటో ఇన్‌స్టిట్యూట్ కట్టిన లెక్క ప్రకారం, కొత్తగా ఉద్యోగాల గ్రీన్‌కార్డు క్యూలో చేరే భారతీయుడు 134 ఏళ్ళు ఆగాలి. వాళ్ళ లైనుకు మొదలు లేదు, మన లైనుకు చివర లేదు. అయినా మనమే వాళ్ళకి దారి చూపిస్తాం.

ఆఫీసులో నా మొదటి పని ఐ-589 నింపడం. శరణు కోరేవాళ్ళ దరఖాస్తు, 12 పేజీలు, ఇంగ్లీషులోనే నింపాలి, దేశంలో అడుగుపెట్టిన ఏడాదిలోపు ఇవ్వాలి. గ్వాటెమాలా నుంచి వచ్చిన ఒకావిడ నా ఎదురుగా కూచుంది. ఆవిడ భాష స్పానిష్ కాదు, మామ్. అది కొండల్లో మాట్లాడే మాయా భాష. ఫోన్లో ఒకాయన మామ్‌ని స్పానిష్ చేస్తాడు, పక్కనున్న వాలంటీరు స్పానిష్‌ని ఇంగ్లీషు చేస్తుంది, నేను టైపు చేస్తాను. ఒక్క ప్రశ్న వెళ్ళి జవాబు తిరిగి వచ్చేసరికి కాఫీ చల్లారేది.

“మీ ఇంటిమీదికి వాళ్ళు ఏ తేదీన వచ్చారు?”

ప్రశ్న అంచెలంచెలుగా వెళ్ళింది. ఆవిడ గోడకేసి చూసి వేళ్ళు మడిచింది. జవాబు వచ్చింది. “మొక్కజొన్న విరిచాక.”

“ఇంకాస్త కచ్చితంగా?”

“ఎండబెట్టాం. ఇంకా ఒలవలేదు.”

మా అమ్మమ్మ గుర్తొచ్చింది. పుట్టినరోజెప్పుడని అడిగితే, దివిసీమ ఉప్పెనకు ముప్ఫయ్యేళ్ళ ముందు, మినుము పీకే రోజుల్లో అనేది. ఆధార్ సెంటర్లో కుర్రాడు జనవరి 1 అని కొట్టి పంపించాడు. మన దేశంలో అది చెల్లుతుంది. ఇక్కడ చెల్లదు. ఈ ఫారంలో ఒక నెలా, రెండేళ్ళ తర్వాత కోర్టులో ఇంకో నెలా చెబితే, జడ్జిగారు ఆవిడ మాట నమ్మదగ్గది కాదని తేల్చెయ్యవచ్చు. తేదీ గుర్తులేనివాడికి ప్రాణభయం ఎలా ఉంటుందని.

తేదీల విషయంలో ఇంత నిష్ఠ ఉన్న ప్రభుత్వం తన తేదీలు ఎలా వేస్తుందో చూడండి. కోర్టుకు రమ్మని ఇచ్చే నోటీసులో తేదీ, వేళ రెండూ ఉండాలని 2018లో సుప్రీంకోర్టు చెప్పింది. అధికారులు వెంటనే తేదీలు వెయ్యడం మొదలుపెట్టారు. సెప్టెంబర్ 31న హాజరు కావాలని నోటీసులు వెళ్ళాయి. అర్ధరాత్రి విచారణకు రమ్మనీ వెళ్ళాయి. 2019 జనవరి 31న చాలా ఊళ్ళలో చలికి గజగజలాడుతూ పిల్లాపాపలతో జనం కోర్టుల బయట బారులు తీరితే, లోపల ఆ రోజు వాళ్ళ కేసులే లేవు. బాబాయ్‌కి ఈ కథ చెబితే, “చూశావా, లైన్లో నుంచున్నారు!” అని మెచ్చుకున్నాడు.

జులైలో ఇంకో ముచ్చట. అంతవరకూ శరణు అడగడానికి రుసుము లేదు. కొత్త చట్టం వచ్చింది. అడిగినందుకు 100 డాలర్లు. జవాబు చెప్పకుండా వాళ్ళు ఆలస్యం చేస్తే, ఎదురుచూసినందుకు మళ్ళీ ఏడాదికి 100. వలస కోర్టుల్లో పేరుకున్న కేసులు 30 లక్షలు దాటి ఎన్నాళ్ళో అయింది, కాబట్టి ఆదాయానికి లోటుండదు. డాక్టరు రాకుండా వరండాలో కూచోబెట్టినందుకు గంటకింత అని వసూలుచేసే ఆస్పత్రి మన దగ్గర కూడా ఇంకా రాలేదు.

టెక్సాస్ కూడా ఏమీ తీసిపోలేదు. కాగితాల్లేని పిల్లలు స్థానికుల ఫీజుతోనే కాలేజీ చదువుకోవచ్చని 2001లో దేశంలో అందరికంటే ముందు చట్టం చేసిన రాష్ట్రమిది. 2025 జూన్ 4న కేంద్రం ఆ చట్టం మీద దావా వేసింది. పొద్దుగూకే లోపల రాష్ట్రం “అవును, మాదే తప్పు” అని ఒప్పేసుకుంది. వాదీ ప్రతివాదీ వియ్యంకులైతే వ్యాజ్యం ఇలాగే తేలుతుంది. వాళ్ళిద్దరూ భోజనాలకు కూచునేసరికి, ఆగస్టులో ఫీజు కట్టాల్సిన పిల్లలు మా ఆఫీసు ఫోను మోగిస్తున్నారు.

కోర్టుకు మమ్మల్ని పరిశీలకులుగా పంపేవాళ్ళు. మాట్లాడకూడదు, రాసుకోవచ్చు. వలస కోర్టులో దొంగకు ఉన్న హక్కు కూడా లేదు. దొంగతనం కేసులో లాయర్ని పెట్టుకోలేనివాడికి ప్రభుత్వం లాయర్నిస్తుంది. ఇది సివిల్ వ్యవహారం కాబట్టి ఇవ్వదు. ఐదారేళ్ళ పిల్లాడైనా సరే. అలాంటి ఒకణ్ణి చూశాను. చెవులకు పెద్ద హెడ్‌ఫోన్లు, కాళ్ళు నేలకందక ఊగుతున్నాయి, ఒక బూటు లేసు ఊడిపోయింది. లాయర్ని పెట్టుకోవడానికి ఇంకా గడువు కావాలా అని జడ్జి అడిగారు. పిల్లాడు తలూపాడు. రికార్డు కోసం నోటితో చెప్పమన్నారు. పిల్లాడు మళ్ళీ తలూపాడు. తగిన వ్యవధి ఇస్తే మూడు నాలుగేళ్ళ పిల్లలకు కూడా వలస చట్టం నేర్పవచ్చనీ, తాను నేర్పాననీ ఒక వలస జడ్జి ప్రమాణం చేసి చెప్పిన సంగతి 2016లో బయటపడింది. ఆరో తరగతికే ఐఐటీ ఫౌండేషన్ పెట్టిన మన కార్పొరేట్ కాలేజీలకు కూడా ఈ బ్యాచి తట్టలేదు.

అసలు ఘట్టం కోర్టు హాల్లో కాదు, బయట వరండాలో. ఆ మే నెల నుంచి ఒక కొత్త పద్ధతి పెట్టారు. మనిషి వాయిదాకు వస్తాడు. ప్రభుత్వ లాయరు లేచి “ఈ కేసు కొట్టెయ్యండి” అంటాడు. కొట్టేశారంటే గెలిచినట్టే కదా అని ఆ మనిషి నవ్వుతాడు. తలుపు దాటగానే మాస్కులు వేసుకున్న మనుషులు లిఫ్టు దగ్గర కాచుకుని ఉంటారు. కేసు లేదు కాబట్టి ఇక విచారణ లేదు, త్వరగా పంపించెయ్యవచ్చు. రాకపోతేనో? పరారీలో ఉన్నట్టు రాసి, ఎదురుగా లేకుండానే వెళ్ళగొట్టే ఉత్తర్వు ఇస్తారు.

నేను చూసినాయన నలభై దాటినవాడు. ఇస్త్రీ చొక్కా. చేతిలో ప్లాస్టిక్ ఫోల్డరు, లోపల ఒక్కో కాగితానికి ఒక్కో కవరు వేసి పెట్టుకున్నాడు. పన్ను కట్టిన రసీదులు, పిల్ల స్కూలు మార్కులు, చర్చివాళ్ళ ఉత్తరం. చేతులు వెనక్కి తిప్పినప్పుడు ఫోల్డరు జారి కాగితాలన్నీ నేలంతా పరుచుకున్నాయి. వాటిని ఏరుకోవడానికి వంగబోయాడు. వంగనివ్వలేదు. తర్వాత నేనూ, పారాలీగల్ అమ్మాయీ ఏరాం. తారీకుల వరసలో సర్ది పెట్టుకున్నాడు మహానుభావుడు, మేం ఆ వరస తప్పించేశాం.

లైన్లో రమ్మన్నారు. వచ్చాడు. లైన్లోనే పట్టుకున్నారు.

ఆ రాత్రి బాబాయ్‌కి ఇది చెప్పాను. “ఏదో చేసే ఉంటాడమ్మా,” అన్నాడు పప్పన్నం కలుపుకుంటూ. “ఊరికే ఎందుకు పట్టుకుంటారు?”

అప్పుడు పిన్ని వంటింట్లోంచి అంది, “మరి మా తమ్ముడేం చేశాడు?”

ఫార్మింగ్టన్ యూనివర్సిటీ గుర్తుందా? మిషిగన్‌లో ఇమిగ్రేషన్ పోలీసులే తెరిచిన దొంగ విశ్వవిద్యాలయం. వెబ్‌సైటుంది, ఫీజులున్నాయి, పాఠాలు లేవు, పంతుళ్ళు లేరు. 2019 జనవరిలో బయటపడేనాటికి అందులో దాదాపు 600 మంది చేరి ఉన్నారు, ఎక్కువమంది మన పిల్లలే. విద్యార్థుల్ని చేర్పించిన కేసులో అరెస్టయిన ఎనిమిదిమందీ మన వైపువాళ్ళే. పిన్ని తమ్ముడు ఆ వారమే సూట్‌కేసు సర్దుకుని ఖమ్మం చేరాడు. అప్పుడు ఇదే బాబాయ్ చందాలు పోగుచేశాడు, లాయర్ని వెతికాడు, వాట్సాప్ గ్రూపుల్లో “మానవహక్కులు” అనే మాట తెలుగులో టైపు చేశాడు. అంతకుముందు 2011లో కాలిఫోర్నియాలో ట్రైవ్యాలీ యూనివర్సిటీ మూతపడి మన పిల్లల కాళ్ళకు రేడియో కాలర్లు బిగించినప్పుడైతే, పశువులా మా పిల్లలని ఊళ్ళకి ఊళ్ళే మండిపడ్డాయి. మండిపడాల్సిందే. కాకపోతే మనవాడైతే మోసపోయినట్టు, పొరుగువాడైతే మోసం చేసినట్టు రాసుకోవడానికి మన దగ్గర రెండు రంగుల పెన్నులున్నాయి. 2025 ఫిబ్రవరిలో 104 మంది భారతీయులకు సంకెళ్ళు వేసి మిలటరీ విమానంలో అమృత్‌సర్‌లో దింపినప్పుడు బాబాయ్ జాబితా మొత్తం చదివి, “మనవాళ్ళెవరూ లేరులే” అని ఫోను పక్కన పెట్టాడు.

నాలుగు వర్ణాలు చాలవని అమెరికా వచ్చి మనం ఇంకో వరస కట్టుకున్నాం. సిటిజన్, గ్రీన్‌కార్డు, హెచ్-1బీ, హెచ్-4, ఓపీటీ, ఎఫ్-1. పైవాడు కిందివాడింట్లో పులిహోర తింటాడు, పిల్లనివ్వడు. పెళ్ళి బయోడేటాలో గోత్రం పక్కనే గ్రీన్‌కార్డుకు వేసే ఐ-140 అప్రూవ్ అయిందో లేదో రాస్తారు. ఈ వరసలో ఎక్కడా లేనివాళ్ళు ఊరిబయట ఉంటారు. మన ఇంటి కప్పు వేసేది, పచ్చిక కోసేది, చివరికి తెలుగు హోటల్లో కోడివేపుడు వేయించేది వాళ్ళే. ఇర్వింగ్‌లో ఓ హోటల్లో గోంగూర మటన్ తింటూ బాబాయ్ స్నేహితులు “వీళ్ళందర్నీ పంపించెయ్యాలి సార్” అని తీర్మానించారు. ఆ గోంగూరకు పోపు పెట్టిన మెక్సికో ఆయన కిటికీలోంచి తొంగిచూసి “కారం సరిపోయిందా?” అని తెలుగులో అడిగాడు.

‘నేను వాళ్ళలాంటివాణ్ణి కాదు’ అనే ఈ వాదన మనం కనిపెట్టింది కూడా కాదు. వందేళ్ళ కిందట భగత్ సింగ్ థిండ్ అనే పంజాబీ ఇదే పాట పాడాడు. మొదటి ప్రపంచయుద్ధంలో అమెరికా సైన్యంలో చేసినవాడు. అప్పటి చట్టం తెల్లవాళ్ళకూ, ఆఫ్రికా సంతతివాళ్ళకూ తప్ప వలసవచ్చినవాళ్ళకు పౌరసత్వం ఇవ్వదు. నేను అగ్రకులపు ఆర్యుణ్ణి, కాబట్టి తెల్లవాణ్ణే అన్నాడు సుప్రీంకోర్టులో. 1923లో కోర్టు కుదరదు పొమ్మంది. ఆ తీర్పు పట్టుకుని అంతకుముందే పౌరులైన భారతీయుల పౌరసత్వాలు కూడా లాక్కున్నారు. 1946లో తలుపు కాస్త ఓరగా తీసి ఏడాదికి 100 మంది రావచ్చన్నారు. బార్లా తెరిచింది 1965 చట్టం. ఆ చట్టానికి ఊపిరి పోసింది నల్లవాళ్ళ ఉద్యమం. వాళ్ళు లైన్లో నుంచోలేదు, కూర్చోకూడదన్న చోట కూర్చున్నారు. ఆ తలుపులోంచి వచ్చినవాళ్ళం, ఏరు దాటాక మల్లయ్యని బోడి మల్లయ్య అంటున్నాం.

2017 ఫిబ్రవరి 22న కాన్సస్‌లోని ఒలేతాలో కూచిభొట్ల శ్రీనివాస్‌ని కాల్చి చంపినవాడు, మా దేశంలోంచి పొండని అరుస్తూ కాల్చాడు. శ్రీనివాస్‌ని ఇరాన్‌వాడనుకున్నాడు. హెచ్-1బీ మంజూరు కాగితం ఐ-797 చూపించమని అడగలేదు. భర్త పోవడంతో ఆయన భార్య వీసా కూడా పోయింది. అంత్యక్రియలకు హైదరాబాద్ వచ్చినావిడ మళ్ళీ అమెరికా వెళ్ళడానికి ఒక కాంగ్రెస్ సభ్యుడు పూనుకోవలసి వచ్చింది. ఈ మాట ఎత్తినప్పుడు బాబాయ్ ఏమీ అనలేదు. టీవీ సౌండు పెంచాడు.

మా సంస్థని వదిలేస్తే పక్షపాతమవుతుంది. మొదటిరోజే మాటల పట్టిక ఇచ్చారు. ‘ఇల్లీగల్’ అనకూడదు. ఇది సబబే, మనిషి ఇల్లీగల్ ఏమిటి? ‘అన్‌డాక్యుమెంటెడ్’ అనాలి. మూడోవారానికి అదీ పాతబడి ‘కమ్యూనిటీ సభ్యులు’ అయింది. ఈ మెమో ఆ సభ్యులకు మాత్రం ఎవరూ పంపలేదు. “అమ్మా, నేను ఇల్లీగల్‌ని, పన్ను నొప్పి, ఎవరైనా డాక్టరు చూస్తాడా?” అని ఫోన్లు చేస్తూనే ఉన్నారు. ప్రతి బుధవారం మా మానసిక ఆరోగ్యం కోసం గుండ్రంగా కూచుని ఊపిరి పీల్చేవాళ్ళం. ఆ గంటసేపు హాట్‌లైన్ మూసి ఉండేది.

జులై చివర్లో దాతలకు విందు. పళ్ళెం 250 డాలర్లు. మొక్కజొన్న ఆవిడ కథని తొంభై సెకన్ల వీడియో చెయ్యడం నా పని. “కళ్ళు చెమర్చాలి, కాని భోజనం వదిలెయ్యకూడదు” అన్నది నాకిచ్చిన సూచన. తేదీలు లేకపోయినా పర్వాలేదన్నారు. వీడియో బాగా కుదిరింది, చప్పట్లు మోగాయి. ఆవిణ్ణి పిలిచాం గాని, ఆ రాత్రి ఆఫీసులు ఊడ్చే షిఫ్టుందని రాలేదు. పదివారాలయ్యాక నేను లింక్డ్‌ఇన్‌లో “ఎంతో నేర్చుకున్నాను, వినమ్రంగా తలవంచుతున్నాను” అని రాశాను. 412 లైకులు. నేను చెయ్యి వేసిన కేసుల్లో తేలినవి సున్న. వంచిన తల ఎత్తి లైకులు లెక్కపెట్టుకున్న సంగతి కూడా ఒప్పుకోవాలి.

సెమిస్టరు మొదలయ్యాక కూడా శుక్రవారం సాయంత్రాలు హాట్‌లైన్ మీద కూచుంటున్నాను. సెప్టెంబర్ 19 శుక్రవారమే. బాబాయ్ బావమరిది గృహప్రవేశానికి హైదరాబాద్‌లో ఉన్నాడు. ఆ మధ్యాహ్నం వైట్‌హౌస్‌లో రెండు కాగితాల మీద సంతకాలయ్యాయి. ఒకటి, 10 లక్షల డాలర్లు సమర్పించుకున్నవాళ్ళకు గోల్డ్ కార్డు. శ్రీవాణి టికెట్టన్నమాట. రెండోది, హెచ్-1బీ మీద లక్ష డాలర్ల రుసుము, 21వ తేదీ మొదలయ్యే అర్ధరాత్రి నుంచి అమలు. ఎవరికి వర్తిస్తుందో ఎవరికీ తెలీదు. కొత్త దరఖాస్తులకే అని మర్నాడు గాని చెప్పలేదు. ఈలోగా కంపెనీలు “ఉన్నపళంగా వచ్చెయ్యండి” అని మెయిళ్ళు కొట్టాయి, విమానం ఎక్కి కూచున్నవాళ్ళు భయపడి దిగిపోయారు.

నా చెవికి హెడ్‌సెట్టు. అవతల హోండురాస్ ఆయన, వాయిదాకు వెళ్ళిన తమ్ముడు ఇల్లు చేరలేదని చెబుతున్నాడు. వలస శాఖ తమ్ముడికిచ్చిన ఏ-నంబరు ఒక్కో అంకె చదువుతున్నాడు. బల్లమీద నా ఫోను మోగింది. ఎత్తాను.

“అమ్మాయ్, నేనే! కంపెనీ లాయరు ఫోనెత్తట్లేదు. టికెట్టు రేటు నిమిషానికోలా ఉంది. రేపు అర్ధరాత్రిలోపు అక్కడ దిగకపోతే లక్ష డాలర్లంట! పన్నెండేళ్ళుగా ట్యాక్సులు కడుతున్నానమ్మా, ఇల్లుంది, పిల్లలు స్కూల్లో ఉన్నారు, ఒక్క ట్రాఫిక్ టికెట్టు లేదు నా మీద. నేనేం చేశాననీ? మీ ఆఫీసులో ఎవరో లాయరమ్మ ఉందన్నావే, ఒక్క నిమిషం...”

“బాబాయ్,” అన్నాను, “కాస్త లైన్లో ఉండు. నీకంటే ముందు ఒకాయన ఉన్నాడు.”